‘ఉలేమాలు’ తప్పా?

సందేహం: పాకిస్తాన్ రాజకీయ వార్తల్లో ‘ఉలేమాలు’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. ‘ఉలేమా’ అన్నదే బహువచనమనీ, దానికి మళ్ళీ ‘లు’ చేర్చడం తప్పనీ మా మిత్రుడు అంటున్నారు. నిజమేనా? ‘మతగురువులు’ అంటే సరిపోదా? జమీయత్, జమాత్ అన్న పార్టీలు ఒకటేనా?

సమాధానం: మీ మిత్రులు చెప్పిన వ్యుత్పత్తి నిజమే. తీర్పు మాత్రం నాకు సమ్మతం కాదు.

అరబ్బీలో ‘ఇల్మ్’ అంటే విద్య, జ్ఞానం. అది కలవాడు ‘ఆలిం’. ఆలింలు పలువురైతే ‘ఉలమా’. అదే మన పత్రికల్లో ‘ఉలేమా’గా స్థిరపడింది. మన ఊళ్ళలో కుస్తీలు, కర్రసాము నేర్పే తాలీంఖానాలోని ‘తాలీం’ కూడా ఈ ధాతువు బిడ్డే.

అయితే తెలుగులోకి వచ్చిన మాట తెలుగు వ్యాకరణానికే లోబడుతుంది. ‘నవాబు’ను చూడండి. ‘నాయిబ్’ అన్న మాటకు అరబ్బీ బహువచనమైన ‘నువ్వాబ్’ నుంచి వచ్చిందది. ‘మోతుబరి అసామి’లోని అసామి కూడా ‘ఇస్మ్’ (పేరు) అన్న మాటకు బహువచన రూపమే. అయినా నవాబులు, అసాములు అనడానికి మన పెద్దలెవరూ జంకలేదు. పైగా ‘ఉలేమా వచ్చారు’ అంటే తెలుగు చెవికి ఒక్క మనిషిని గౌరవంగా చెప్పినట్టే వినబడుతుంది. పలువురని తెలియాలంటే ‘లు’ ఉండాల్సిందే.

అలాగైతే ‘ఒక ఉలేమా’ అనవచ్చా అని అడగవచ్చు. నవాబుకు తెలుగులో వేరే ఏకవచనం లేదు. ఇక్కడ ‘ఆలిం’ ఉంది, ఉర్దూ మాట్లాడే మన ఇరుగుపొరుగు నోట రోజూ వినిపిస్తూనే ఉంది. దాన్ని వాడుకోవడమే మర్యాద.

‘మతగురువు’ నాకు నచ్చదు. ఆలింకు ఆ హోదా చదువు వల్ల వస్తుంది. గురుశిష్య బంధం సూఫీ గురువులైన పీర్లకూ వారి శిష్యులైన మురీదులకూ మధ్య ఉండేది. నమాజు చేయించేవారు ఇమాం, ఫత్వా ఇచ్చేవారు ముఫ్తీ. అందరినీ కలిపి చెప్పాలంటే ‘మతపండితులు’ అనండి.

ఇక మూడో ప్రశ్న. జమీయత్, జమాత్ రెండూ మన ‘జమాఖర్చు’లోని ‘జమ’తో చుట్టరికం ఉన్నవే, కూడిక అన్న భావం ఉన్నవే. కానీ పార్టీలుగా వేరు. 1919లో ఏర్పడిన జమీయత్ ఉలేమా-ఎ-హింద్ అంటే ‘భారత ఉలేమాల సంఘం’. మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ వంటివారి నాయకత్వంలో అది కాంగ్రెస్‌తో కలిసి నడిచింది, దేశవిభజనను గట్టిగా వ్యతిరేకించింది. పాకిస్తాన్ కావాలన్న ఉలేమాలు 1945లో మౌలానా షబ్బీర్ అహ్మద్ ఉస్మానీ నాయకత్వంలో జమీయత్ ఉలేమా-ఎ-ఇస్లాం పెట్టుకున్నారు. ఆ పార్టీ నాయకుడు ముఫ్తీ మహమూద్ 1972లో పాకిస్తాన్‌లోని వాయవ్య సరిహద్దు రాష్ట్రానికి (నేటి ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా) ముఖ్యమంత్రి అయ్యారు. నేడు తరచూ వార్తల్లో కనిపించే మౌలానా ఫజ్లుర్ రహ్మాన్ ఆయన కుమారుడే. ‘హింద్’, ‘ఇస్లాం’ అన్న చివరి మాటలు కోసేసి ఉత్త ‘జమీయత్’ అని రాస్తే, విభజనకు అడ్డుపడినవారూ విభజన కోరినవారూ ఒక్కటైపోతారు. పత్రికలవారు ఈ ఒక్క జాగ్రత్త తీసుకోవాలని నా విన్నపం.

జమాతె ఇస్లామీని 1941లో లాహోరులో స్థాపించిన మౌదూదీ నాటి నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో పుట్టి, పత్రికా రచయితగా పేరు తెచ్చుకున్నవారు. ఆ పార్టీలో చేరడానికి ఆలిం కానక్కర లేదు, దాని సిద్ధాంతాన్ని ఒప్పుకుంటే చాలు. అందువల్ల ‘ఉలేమాల పార్టీ’ అన్న మాట జమీయత్‌కు సరిపోతుంది, జమాత్‌కు సరిపోదు.