గైడు మూసేసి రాయి

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన కథలు అందాయి. కథల గురించి విడిగా రాస్తాను. ముందు ఉత్తరం చివర్లో నువ్వన్న మాటకు జవాబు చెప్పాలి. "తెలుగులో ఎంతైనా రాస్తాను గానీ టెన్త్ ఇంగ్లిష్ పేపర్ అంటే టెన్షన్, అందుకే గైడులోవి బట్టీ పడుతున్నాను" అన్నావు. కథలు రాసే పిల్లవి నువ్వు బట్టీ పట్టడమేంటని మనసు చివుక్కుమంది.

ఆ పేపర్ ఓసారి తీసి చూడు. డైరీ రాయమంటారు, ఉత్తరం రాయమంటారు, ఇద్దరి మధ్య సంభాషణ రాయమంటారు, ఒక మనిషి జీవితాన్ని పేరాలో చెప్పమంటారు. మీ టీచర్లు డిస్కోర్సులు అనేది వీటినే. కథల్లో నువ్వు ఎప్పుడూ చేసే పనులే ఇవన్నీ.

బయోగ్రాఫికల్ స్కెచ్ సంగతే చూద్దాం. ఒక పట్టిక ఇస్తారు. అబ్దుల్ కలాం గురించి అనుకో. 1931 అక్టోబర్ 15న రామేశ్వరంలో పుట్టారు. తిరుచిరాపల్లిలో ఫిజిక్స్, మద్రాసులో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివారు. 2002 నుంచి 2007 దాకా రాష్ట్రపతి. 2015 జూలై 27న షిల్లాంగ్‌లో కన్నుమూశారు. గైడులో గడికో వాక్యం ఉంటుంది: హీ వాజ్ బార్న్, హీ స్టడీడ్, హీ బికేమ్, హీ డైడ్. గ్రామర్ బాగానే ఉంటుంది, చదివాక ఆ మనిషి మాత్రం గుర్తుండడు. ఆయన చిన్నప్పుడు ఇంటింటికీ పేపర్లు వేశారని, చివరి రోజు విద్యార్థుల ముందు మాట్లాడుతూ మాట్లాడుతూనే కుప్పకూలిపోయారని నువ్వు వినే ఉంటావు. ఆ సాయంత్రంతో ఎత్తుకుని వెనక్కి రామేశ్వరం దాకా వెళ్లు. పట్టికలోని వివరం ఒక్కటీ వదలకు, వరస మాత్రం నువ్వే పెట్టుకో.

వాక్యాలు చిన్నవిగా రాయి. "లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, బస్సెక్కి స్కూలుకెళ్లాను" అని మనం ఒక్క ఊపులో అనేస్తాం. అసలు క్రియ చివర్లో వచ్చినా మనకు ఇబ్బంది లేదు. ఇంగ్లిష్‌లో కర్త రాగానే క్రియ రావాలి కాబట్టి, మనసులోని పొడుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించితే మధ్యలోనే చిక్కుపడుతుంది. దాన్ని రెండు మూడు ముక్కలు చేసుకో.

చదవడం దగ్గర చాలామంది పిల్లలు ఒకే పొరపాటు చేస్తారు. ప్రశ్నలో ఉన్న మాట పాసేజ్‌లో ఎక్కడుందో వెతికి, ఆ లైను ఎత్తి రాసేస్తారు. "ఎందుకు" అని అడిగిన ప్రశ్నకు కారణం ఒక్కోసారి దాని పై వాక్యంలోనో, రెండు వాక్యాల్లో సగం సగంగానో ఉంటుంది. అందుకని ప్రశ్నలు చూడకుండా పాసేజ్ మొత్తం ఒకసారి చదువు. తర్వాత చేత్తో మూసి, ఏం జరిగిందో తెలుగులోనే నీకు నువ్వు చెప్పుకో. తెలియని మాట తగిలితే ఆగిపోకుండా వాక్యం చివరిదాకా వెళ్లు, చాలాసార్లు అర్థం అక్కడే దొరుకుతుంది.

తప్పులు దిద్దే ప్రశ్నలో ఎ, ఆన్, ది దగ్గర మనవాళ్లు తరచూ జారిపోతారు. తెలుగులో అవి లేవు కాబట్టి, లోపం ఉన్నా మన చెవికి తట్టదు. ఇంగ్లిష్ న్యూస్‌పేపర్లోంచి చిన్న పేరా ఒకటి తీసుకుని, ఆ మూడూ వదిలేసి నోట్‌బుక్‌లో రాసుకో. మర్నాడు నువ్వే పూరించి, అసలుదానితో పోల్చి చూడు. నెల రోజులు ఇలా చేస్తే తేడా నీకే తెలుస్తుంది. మీ మండలంలో లైబ్రరీ ఉంటే పేపర్ కొనే పని కూడా లేదు.

వచ్చే ఉత్తరంలో మీ నాయనమ్మ మీద ఇంగ్లిష్‌లో ఒక బయోగ్రాఫికల్ స్కెచ్ రాసి పంపు. పుట్టిన తేదీ ఆవిడకే తెలియకపోతే, ఏ పంట కోతలప్పుడు పుట్టిందని ఇంట్లో చెబుతారో అదే రాయి. ఫెయిర్ చేయకుండా కొట్టివేతలతోనే పంపు. ఏ మాట తీసేసి ఏ మాట పెట్టావో నేను చూడాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు