నాన్నమ్మ బొమ్మ గురించి

చిరంజీవి అమ్మడికి,

నాన్నమ్మ బొమ్మ ఫోటో అందింది. పోలిక బాగా కుదిరింది, ముక్కుపుడక దగ్గర కూడా చెయ్యి తడబడలేదు. వెలుగే రాలేదు. నీడ ఉన్నచోటల్లా బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు, వెలుగు ఉన్నచోటల్లా తెలుపు పూసేశావు. నుదురు సుద్దముక్క రుద్దినట్టుంది.

దీనికి మందు నువ్వున్న దేశంలోనే ఉంది. చార్లెస్ హాథార్న్ అనే చిత్రకారుడు 1899లో మసాచుసెట్స్‌లోని ప్రావిన్స్‌టౌన్‌లో, సముద్రం ఒడ్డున బొమ్మలు నేర్పే బడి పెట్టాడు. మోడల్ ముఖమంతా నీడలో పడేలా ఎండకు వీపు పెట్టించి నిలబెట్టేవాడు. పిల్లల చేతికి కుంచె బదులు లప్పం పట్టే రేకు ఇచ్చేవాడు. దాంతో కనురెప్పలు గీయమను చూద్దాం! టోపీ ఒక రంగు ముద్ద, చెంప ఒకటి, వెనక నీళ్లు ఒకటి. ఆ ముద్దలు ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పడితే ఎండ దానంతటదే కనిపిస్తుంది. కళ్లూ ముక్కూ లేని ఆ తలల్ని మడ్‌హెడ్స్, అంటే మట్టి తలలు, అనేవారు.

నువ్వూ అదే చెయ్యి. నీ రూమ్మేట్‌ని బతిమాలి ఎండలో కూర్చోబెట్టు. ఎండ జరిగేలోపు ఒకటి ముగించి ఇంకో అట్టముక్క అందుకో. నీడలో ఉన్న చెంపను బాగా చూడు. పైన ఆకాశపు నీలం, గడ్డం కింద చొక్కా రంగు తగులుతూ ఉంటాయి. అక్కడ అంబర్‌కి పనేముంది?

నువ్వుండే బాల్టిమోర్ నుంచి వాషింగ్టన్ ఎంత దూరమని! స్మిత్‌సోనియన్ వాళ్ల అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో సిసీలియా బో అనే చిత్రకారిణి 1898లో వేసిన బొమ్మ ఉంది. అందులో ఉన్నది ఆవిడ బావగారు హెన్రీ డ్రింకర్, ఒళ్లో పిల్లి. వెళ్లేముందు అది గోడ మీద ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకో. ఆయన తెల్ల సూటులో ఉత్త తెలుపు ఎక్కడుందో వెతుకు. నేనైతే ఆ ఒక్క సూటు కోసమే వెళ్తాను.

అందరూ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్‌ని చూడమంటారు. ఇప్పుడే వద్దు. ఆయన కుంచె విసురు చూసి చేతికి తొందర పట్టుకుంటుంది. ఆయనేమో నచ్చకపోతే తలంతా గీకేసి మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఇంకో మాట. ఆ కాలపు చిత్రకారులు ఎక్కువగా వాడింది సీసం తెలుపు. నీ ట్యూబులో ఉన్న టైటానియం వైట్ చిత్రకారులకు దొరికింది 1920ల ప్రాంతంలోనే. అది మహా మొండిది, పక్క రంగుని మింగేస్తుంది. సీసం విషం, దాని జోలికి పోకు. టైటానియంనే గోటి మీద పట్టేంత తీసుకుని, ఎప్పుడూ ఏదో ఒక రంగు కలిపి వాడు.

నాన్నమ్మ బొమ్మను ఇప్పుడు ముట్టుకోకు. ముందు మడ్‌హెడ్స్ పంపు. ఫోటోలు ఫ్లాష్ వేసి తీయకు, రంగులన్నీ చచ్చిపోతున్నాయి.

మీ పెదనాన్న