పక్షులకూ సీతాకోకచిలుకలకూ చోటిచ్చే తోటల వ్యాపారం

ప్రశ్న: కడియంలోని నర్సరీలో పని నేర్చుకున్నాను. పక్షులూ సీతాకోకచిలుకలూ వచ్చేలా పెరటి తోటలు వేసి ఇచ్చే వ్యాపారం ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఆలోచన మాకెంతో నచ్చింది. మీ ఊరిలో మొక్కలకు కొదవ లేదు కనుక, పెట్టుబడి కంటే ముందు ఏ ప్రాణికి ఏ మొక్క ఆధారమో తెలుసుకోండి. పూలతేనె తాగే సీతాకోకచిలుక గుడ్లు పెట్టడానికి వేరే మొక్కను వెతుక్కుంటుంది. నిమ్మ ఆకుపై పక్షి రెట్టలా కనిపించే చిన్న గొంగళిపురుగు, ఆ ఆకులే తింటూ పెరిగి, క్రమంగా పచ్చరంగులోకి మారుతుంది. జిల్లేడును ఆశ్రయించేది మరో రకం. ఆకులు చిల్లులు పడినా మందు కొట్టకూడదనీ, వేపనూనె కూడా ఆ పురుగులకు హాని చేస్తుందనీ ఇంటి యజమానికి ఒప్పందానికి ముందే నచ్చజెప్పాలి. మా దృష్టిలో ఈ పనిలో అసలు కష్టం ఇదే. పూలతేనె కోసం నాటే మొక్కల్లో ముద్దమందారం కంటే రేకమందారం, నూరువరహాలు వంటివి మేలు. వానాకాలంలో నీరు నిలిచే డెల్టా బంకమట్టిలో ఎత్తు మళ్లు కట్టి నాటండి. ఒకసారి తోట వేసినందుకు వచ్చే డబ్బుతో సరిపెట్టుకోకుండా, నెలవారీ సంరక్షణకూ రుసుము మాట్లాడుకోండి. రామచిలుకలను తెచ్చి పంజరంలో పెట్టమని ఎవరైనా అడిగితే మాత్రం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరమని స్పష్టంగా చెప్పండి.