పిన్ని జబ్బు మీదే రీసెర్చ్ చేస్తానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. రెండేళ్ల క్రితం మా చెల్లెలికి ఒక కన్ను మసకబారితే కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. తిరిగి తిరిగి చివరికి ఎమ్మారైలో మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలింది, సొంత రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాములోని నరాల పైపొరను దెబ్బతీసే జబ్బట. అప్పట్నుంచి మా అమ్మాయి న్యూరాలజిస్ట్ అయి ఈ జబ్బు మీదే రీసెర్చ్ చేస్తానని పట్టుబట్టింది. నీట్ రాయడం మాకూ ఇష్టమే. రీసెర్చ్ అంటేనే, ఎప్పటికి స్థిరపడుతుందోనని టెన్షన్.

జవాబు: ముందు లెక్క చూద్దామమ్మా. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, జనరల్ మెడిసిన్ ఎండీ 3 ఏళ్లు, ఆపైన న్యూరాలజీలో డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు మరో 3 ఏళ్లు. మధ్యలో ఎండీ కోసం నీట్ పీజీ, డీఎం కోసం నీట్ ఎస్ఎస్ ఎంట్రన్స్‌లు. ఎక్కడా ఏడాది పోకపోయినా 30 దగ్గర పడుతుంది. ఒక్క ఏడాదీ పోని వాళ్లు తక్కువే, అదీ చెప్పాలి. కాకపోతే ఎండీ నుంచి స్టైపెండ్ వస్తుంది.

రీసెర్చ్ అంటే పేషెంట్లను వదిలేసి ల్యాబ్‌లో కూర్చోవడం అనుకుంటున్నట్టున్నారు. ఈ జబ్బులో ఆ రెండూ విడిపోవు. నడక ఎలా ఉందో చూడటానికి 25 అడుగులు కొలిచి గీత గీస్తారు, పేషెంట్ నడుస్తుంటే డాక్టర్ స్టాప్‌వాచ్ పట్టుకుంటారు. చేతి పనితనం చూడటానికి చిన్న పలక మీద 9 రంధ్రాలు, 9 పుల్లలు. ఒంటి చేత్తో అన్నీ పెట్టి, మళ్లీ తీయడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటారు. కొత్త మందు పనిచేసిందా లేదా అని తేల్చే ట్రయల్స్‌లో ఎమ్మారైతో పాటు ఈ సెకన్లూ లెక్కకొస్తాయి. జీతం మామూలుగా టీచింగ్ హాస్పిటల్ ఉద్యోగం నుంచే వస్తుంది, అందుకే స్థిరపడటం గురించి నాకు బెంగ లేదు.

నాకు బెంగ ఓపిక గురించి. శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీఫెన్ హాసర్ అనే న్యూరాలజిస్ట్ ఉన్నారు. టీ కణాలు, బీ కణాలు అని రోగనిరోధక శక్తికి పనిచేసే తెల్ల రక్తకణాల్లో రెండు రకాలున్నాయి. ఈ జబ్బుకి మూలం టీ కణాలేనని అందరూ నమ్ముతున్న రోజుల్లో, ఆయన బీ కణాలను అనుమానించారు. నమ్మేలా లేదని, రీసెర్చ్ నిధుల కోసం ఆయన పెట్టిన గ్రాంట్ దరఖాస్తు తిప్పికొట్టారు. 2008లో అచ్చయిన ఆయన బృందం ట్రయల్‌లో ఉన్నది 104 మంది పేషెంట్లే, కానీ బీ కణాలను తగ్గించే మందుతో మెదడులో కొత్త మచ్చలు బాగా తగ్గాయి. ఆ దారిలోనే వచ్చిన ఓక్రెలిజుమాబ్ అనే మందుకి అమెరికా అనుమతి దొరికింది 2017లో. ఒక ఆలోచన మందుగా మారడానికి దాదాపు ఒక ఉద్యోగ జీవితమంతా పట్టింది.

కాబట్టి పిన్నికి తనే మందు కనిపెట్టేస్తుందని అమ్మాయిని అనుకోనివ్వకండి. పిన్ని వల్ల ఆసక్తి పుట్టడం మంచిదే, ఆ బరువు మాత్రం 17 ఏళ్ల పిల్ల మోయలేదు.

మన దగ్గర చేయాల్సిన పని లేదనీ అనుకోవద్దు. కంటి నరాన్ని, వెన్నుపామును దెబ్బతీసే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే జబ్బుని చాలాకాలం ఎంఎస్‌లోనే ఒక రకం అనుకున్నారు. 2004లో దానికి ప్రత్యేకమైన యాంటీబాడీ రక్తంలో దొరికాక వేరే జబ్బని తేలింది. ఎంఎస్‌కి వాడే ఇంటర్‌ఫెరాన్ అనే మందు దానికి ఇస్తే ముదిరే ప్రమాదం ఉంది. కన్ను మసకబారి వచ్చిన మనిషికి ఏ జబ్బో సరిగ్గా తేల్చడం ఇక్కడి న్యూరాలజిస్టుకు రోజువారీ సమస్య, రీసెర్చ్ ప్రశ్న కూడా.

ఇప్పటికి నీట్ ఒక్కటే చూసుకోమనండి. ఎంబీబీఎస్‌లో చేరాక ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కి అప్లై చేయొచ్చు. ఒక గైడ్ కింద రెండు నెలల చిన్న ప్రాజెక్టు. దాంతో రీసెర్చ్ తన ఒంటికి పడుతుందో లేదో తెలిసిపోతుంది. స్టాటిస్టిక్స్ అంటే ముఖం తిప్పుకోవద్దని మాత్రం చెప్పండి. నీట్‌లో సీటు రాకపోతే తిరుపతి ఐసర్ (సైన్స్ చదువు, పరిశోధనల కేంద్ర సంస్థ) లాంటి చోట బయాలజీ చదివి, పీహెచ్‌డీలో ఇమ్యునాలజీ, అంటే రోగనిరోధక శక్తిని చదివే శాస్త్రం వైపు వెళ్లొచ్చు. పేషెంట్లకు వైద్యం చేసే వీలుండదు గానీ ఇదే జబ్బు మీద పనిచేయగలదు.

మీ చెల్లెలు ఒప్పుకుంటే, వచ్చే చెకప్‌కి అమ్మాయిని తోడు పంపండి. ఓపీ బయట బెంచీ మీద సగం రోజు కూర్చుని వచ్చాక, ఏం చూసిందో అడగండి.