ఫిజీ డే నాడు పడవవాళ్ళు ఊరి వేడుకకు వెళ్ళవచ్చా?

ప్రశ్న బ్రహ్మపురం కుర్రాడిది. ఆస్ట్రేలియాలో ఉంటున్న మేనమామ తెరచాప పడవలో అక్టోబరు మొదట్లో ఫిజీ చేరతారట. పదో తేదీ అక్కడ స్వాతంత్ర్య దినం. ఒడ్డుకు వెళ్ళి వేడుకలో కలిస్తే పిలవని పేరంటం అవుతుందా, పడవలోనే ఉండి చూడటం మర్యాదా అని సందేహం.

వెళ్ళండి. పడవ మీద కూర్చుని దుర్భిణి పెట్టుకుని చూడటమే అమర్యాద. నాది గోపాలపూర్. సరకు నౌకల్లో పనిచేసి మానేశాక, ఒక వృద్ధ దంపతుల పడవలో వంటా తెరచాప పనీ చూసుకుంటూ ఆ నీళ్ళలో ఒక సీజను తిరిగాను. సవుసవు పట్టణంలో ఆ పండుగకు వెళ్ళాను కాబట్టి చెబుతున్నాను.

ముందు ప్రయాణం సంగతి. మన తీరంలో అక్టోబరు అంటే గుండె దడ. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది కదా. అక్కడ లెక్క తిరగబడుతుంది. దక్షిణార్ధగోళం కనుక తుపానుల కాలం నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా ఉంటుంది. అందుకే న్యూజిలాండ్ దిక్కు బయలుదేరాల్సిన పడవలు అక్టోబరులో రేవుల్లో చేరి, సరుకులు నింపుకుంటూ, గాలి కోసం చూస్తూ ఉంటాయి. పండుగనాటికి లంగరు వేసేందుకు మంచి చోటు దొరకాలంటే ముందే చేరాలి. సరిగ్గా పదో తేదీన దేశంలో అడుగుపెట్టేలా మాత్రం పెట్టుకోవద్దు. సెలవు రోజున కస్టమ్స్, ఇమిగ్రేషన్ వాళ్ళను పడవ దగ్గరికి రప్పించుకుంటే అదనపు రుసుము మీ మామ జేబుకే. ఆ తేదీ ఆదివారం పడితే సెలవు సోమవారానికి జరుగుతుంది. అదీ చూసుకోండి.

పట్టణంలో వేడుక మైదానంలో జరుగుతుంది, ఎవరైనా వెళ్ళవచ్చు. చిన్న దీవుల్లోని పల్లెలకు వెళ్ళే ఆలోచన ఉంటేనే మీ సందేహానికి అర్థం ఉంది. అక్కడ పిలుపు పండుగనాడు రాదు, అంతకుముందే సంపాదించుకోవాలి. ముందుగా రేవులో అనుమతి పత్రం తీసుకోవాలి. తర్వాత ఊరి ముందు లంగరు వేసిన వెంటనే, ఈతకు దిగకముందే, చేపకు గాలం వేయకముందే ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళి సెవుసెవు ఇవ్వాలి. సెవుసెవు అంటే ఎండబెట్టిన కావా వేళ్ళ కట్ట. కావా ఒక మొక్క, దాని వేళ్ళ పొడిని నీళ్ళలో కలిపి తాగుతారు. మార్కెట్లో కాగితంలో చుట్టి అమ్ముతారు. సెలవుకు దుకాణాలు మూసేస్తారు గనుక ముందే కొని పెట్టుకోండి. తల మీద టోపీ, నల్లకళ్ళద్దాలు తీసేయాలి. భుజాలు కప్పుకోవాలి, నడుముకు సులు చుట్టుకోవాలి. లుంగీ కట్టిన చేతులకు అదేమీ కొత్త కాదు. కట్టను పెద్ద ముందు నేల మీద పెట్టి కూర్చుంటే, ఆయన తరఫున ఒకరు నాలుగు మాటలు చెప్పి స్వీకరిస్తారు. అక్కడి నుంచి మీరు ఆ ఊరి అతిథులు. ఇక పిలవని పేరంటం అనే మాటే లేదు.

తర్వాత కావా తాగడం. నాలుగు కాళ్ళ పెద్ద చెక్కగిన్నెలో పొడిని గుడ్డలో కట్టి నీళ్ళలో పిసుకుతారు. కొబ్బరి చిప్పలో ముంచి ఇస్తారు. ఇచ్చే ముందు సముద్రపు ఆటుపోట్ల మాటల్లో పోటా, పాటా అని నవ్వుతూ అడుగుతారు, అంటే నిండానా, సగమా అని. మొదటిసారి పాటు చాలు. చేతులు దొప్పలా చేసి ఒకసారి చప్పట్లు కొట్టి, బులా అని, ఒక్క గుక్కలో తాగేసి చిప్ప తిరిగి ఇచ్చాక మూడుసార్లు చప్పట్లు. రుచి బురదనీళ్ళ రుచే, అబద్ధం ఎందుకు? పెదవులు, నాలుక కాసేపు మొద్దుబారతాయి. కాళ్ళు గిన్నె వైపు చాపకండి. కాదనడం కంటే సగం చిప్ప తాగడం మేలు.

సవుసవులో నాకు బాగా గుర్తున్నది మైదానం పక్కనున్న వేడినీటి ఊటలు. నేల బుగబుగమని ఉడుకుతూ ఉంటుంది. ఆడవాళ్ళు దుంపలను సంచుల్లో కట్టి ఆ ఊటల్లో దింపి, పైన ఆకులు కప్పి, కవాతు చూడటానికి వెళ్ళిపోయారు. తిరిగి వచ్చేసరికి ఉడికిపోయాయి. ఆ దుంపలు మన చేమదుంపల జాతివే, మనం ఒడియా పప్పుకూర దాల్మాలో వేసే సారు దుంప అనుకోండి, పరిమాణంలో మాత్రం ఒక్కోటి బాతంత. మధ్యాహ్నం తాడు లాగే పోటీలో పడవవాళ్ళ జట్టు ఒకటి కావాలన్నారు. మేము చక్కగా ఓడిపోయాం. పడవ మనుషులకు తాళ్ళు బాగా తెలుసని వాళ్ళు అనుకున్నారు గానీ, రగ్బీ ఆడే ఊరితో తాడు లాగడం వేరే విద్య. 2016 రియో ఒలింపిక్స్‌లో సెవెన్స్ రగ్బీ స్వర్ణం వాళ్ళదే, దేశానికి అదే మొదటి ఒలింపిక్ పతకం.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి. అక్కడ జెండా కింద నిలబడేవాళ్ళందరికీ ఆ రోజు ఒకేలా ఉండదు. 1874 అక్టోబరు 10న ఫిజీ బ్రిటన్ చేతికి వెళ్ళింది, 1970 అక్టోబరు 10న బయటికి వచ్చింది. మధ్యలో చెరకు తోటలకు కూలీలుగా మనవాళ్ళను తీసుకెళ్ళారు. దక్షిణాది నుంచి 1903 తర్వాత, అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. సవుసవులో ఒక దుకాణం పెద్దాయన, ముత్తాత విశాఖ జిల్లా నుంచి వచ్చాడని చెప్పి, తాత, అమ్మమ్మ, అన్నం, నీళ్ళు అని తనకు మిగిలిన తెలుగు మాటలు వరసగా అప్పజెప్పాడు. దుకాణం ముందు లేతనీలం జెండా కట్టాడు. జాతీయగీతం గొంతెత్తి పాడాడు. అయినా మైదానంలో గేటు పక్కనే, వెళ్ళిపోవడానికి వీలుగా నిలబడ్డాడు. 1987 సైనిక తిరుగుబాట్ల తర్వాత భారత సంతతివాళ్ళు వేల సంఖ్యలో దేశం విడిచి వెళ్ళారు, ఆయన తమ్ముళ్ళూ వెళ్ళారు.

ఆ నిలబడటం నాకు తెలుసు. 1936 ఏప్రిల్ 1 దాకా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఆ రోజు కొత్తగా ఏర్పడిన ఒడిశాలో కలిసింది. ఏటా ఆ తేదీన ఒడిశా అవతరణ దినమైన ఉత్కళ దివస్‌కు మన తెలుగు బస్తీల వాళ్ళూ వెళ్తారు. మా తాత వెళ్ళేవాడు, వచ్చాక మూతి ముడుచుకునేవాడు. నా పిల్లలు రాష్ట్రగీతం కళ్ళు మూసుకుని పాడతారు. ఒకే ఇంట్లో రెండూ ఉంటాయి. కాబట్టి అక్కడ ఎవరైనా మీకు తెలుగు మూలాలు చెబితే సంతోషించండి, కబుర్లు చెప్పుకోండి, కానీ "మీకు ఇక్కడ అన్యాయం జరిగిందటగా" అని ఆ రోజు మొదలుపెట్టకండి. ఇంటికి పిలిస్తే, వాళ్ళే ఎత్తితే, వినండి.

పడవ విషయంలో ఒకే మాట. కుడివైపు స్ప్రెడరు (తెరచాప స్తంభానికి అడ్డంగా ఉండే కడ్డీ) కింద ఎగరేసే ఫిజీ జెండా గాలికి అంచులు పీలికలై ఉంటుంది, ఎండకు నీలం వెలిసి తెల్లబడుతుంది. పండుగకు ముందు మార్చండి. సిగ్నల్ జెండాల తోరణం కడితే ఒడ్డున ఉన్నవాళ్ళు గమనిస్తారు.

కానుక ఏమివ్వాలని కూడా అడిగారు. ఊరికి కావా కట్ట చాలు. సారా, బీరు వద్దు. పిల్లలకు చాక్లెట్లు విసిరి ఫొటోలు తీసుకునే పడవవాళ్ళను చూశాను, చూడటానికే చిరాకేసింది. నోటుపుస్తకాలు, పెన్నులు తీసుకెళ్తే బడి హెడ్‌మాస్టరు చేతికి ఇవ్వండి, ఎవరికి కావాలో ఆయనకు తెలుసు.