కోరా గుడ్డ, కుసుమ నూనె, కేసింగ్ పైపు: చిత్రకారుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మగ్గం మీద నేసిన కోరా గుడ్డను ఫ్రేముకు బిగించి, గోడలకు వాడే పుట్టీ పూసి, దానిమీద యాక్రిలిక్ రంగులు వేస్తున్నాను. కొన్ని నెలలకే మూలల్లో పెచ్చులు ఊడుతున్నాయి. దుకాణంలో కాన్వాస్ కొనడం తప్ప మార్గం లేదా?
– ఒక పాఠకుడు, నారాయణపేట

జవాబు: లోపం గుడ్డలో లేదు, పుట్టీలో ఉంది. పుట్టీ కదలని గోడ కోసం తయారైన వస్తువు. గుడ్డ మాత్రం వానాకాలపు చెమ్మకు ఒకలా, ఎండకు ఒకలా సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది కనుక, వంగే గుణం లేని ఆ పొర బిగింపు ఎక్కువగా ఉండే మూలల్లోనే ముందుగా పగులుతుంది. కోరా గుడ్డను నిస్సంకోచంగా వాడండి, కానీ నేత ఒత్తుగా ఉన్నదాన్ని ఎంచుకోండి. వెలుతురుకు పట్టి చూసినప్పుడు సందులు కనిపిస్తే, రంగుకు ముందు అడుగున పూసే ప్రైమర్ వెనక్కి దిగిపోతుంది. నేతలో పడుగుకు గంజి పెడతారు కాబట్టి, గుడ్డను వేడినీళ్లలో నానబెట్టి, గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి, ఇస్త్రీ చేశాకే బిగించాలి.

నాలుగు వైపులా నడిమధ్యన ఒక్కొక్క పిన్ను కొట్టి, అక్కడి నుంచి ఎదురెదురు వైపులను లాగుతూ మూలల దాకా వెళ్లాలి. ఒక వైపంతా ముగించి రెండో వైపు మొదలుపెడితే నేత వంకరపోతుంది. ఫ్రేము కర్ర ముందువైపు లోపలి అంచును చిత్రిక పట్టి ఏటవాలు చేయమని వడ్రంగికి ముందే చెప్పండి, లేకపోతే కొంతకాలానికి ఆ అంచు గీతలా బొమ్మ మీద తేలుతుంది. ఆ తరువాత ప్రైమర్‌గా యాక్రిలిక్ జెస్సో అనే తెల్లని పూతను పలుచగా మూడుసార్లు వేయండి. ఒకటి అడ్డంగా, అది ఆరాక మరొకటి నిలువుగా వేసి, పూతకూ పూతకూ నడుమ సన్నని గరుకు కాగితంతో తేలికగా రుద్దండి. తొందరపడి ఎండలో ఆరబెట్టవద్దు. చేర్యాల పటాలకు సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూసే పద్ధతి మన రాష్ట్రంలోనే ఉంది కదా అని కొందరు అడుగుతుంటారు. ఆ పూత ఆ రంగులకు, ఆ పటాలకు తగినది. ఫ్రేముకు బిగించిన యాక్రిలిక్ బొమ్మకు దాన్ని యథాతథంగా వాడమని నేను చెప్పను.

ప్రశ్న: మా దగ్గర గానుగలో ఆడించిన కుసుమ నూనె దొరుకుతుంది. తైలవర్ణాల్లో అవిసె నూనెకు బదులు దీన్ని కలపవచ్చా? పల్లి నూనె కలిపిన మా మిత్రుని బొమ్మ ఏడాదైనా చేతికి అంటుతూనే ఉంది.
– ఒక పాఠకురాలు, కొడంగల్

జవాబు: నీటిరంగు ఆరడం వేరు, తైలవర్ణం ఆరడం వేరు. నూనె ఆవిరై పోదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకొని గట్టి పొరగా మారుతుంది. పల్లి నూనెకు, కొబ్బరి నూనెకు ఆ శక్తి లేదు. అవిసె నూనెకు పుష్కలంగా ఉంది. కుసుమ నూనె ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. పచ్చబడే గుణం తక్కువ కాబట్టి రంగుల కంపెనీలు తెలుపును, కొన్ని లేత రంగులను కుసుమ నూనెతోనే నూరుతాయి. అయితే అది ఆలస్యంగా ఆరుతుంది, పొర కూడా అంత గట్టిగా ఉండదు. అందువల్ల కింది పూతల్లో అది పనికిరాదు; కింద నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ అన్న నియమం తప్పితే పగుళ్లు ఖాయం. పైగా కుసుమలో కొన్ని రకాల నూనె దాదాపు ఆరనే ఆరదు. గానుగ నూనెను ముందుగా గాజు పలక మీద పలుచగా రాసి, దుమ్ము పడని వెలుతురులో ఉంచి చూడండి. మూడు వారాలకు కూడా వేలికి అంటుతుంటే దాన్ని వంటింటికే వదిలేయండి.

మీరు అడగకపోయినా మరొక విషయం చెప్పాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే, ఆరే క్రమంలో పుట్టే వేడి బయటికి పోలేక వాటంతట అవే అంటుకోవచ్చు. మే నెలలో మన రేకుల గదుల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరవేయండి, లేదా నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయండి.

ప్రశ్న: ప్రదర్శన కోసం యాక్రిలిక్ బొమ్మలకు బబుల్ షీట్ చుట్టి బస్సులో హైదరాబాద్ తీసుకువెళ్లాను. విప్పి చూస్తే రంగు మీద గుండ్రని అచ్చులు పడ్డాయి. ఈసారి ఆరడుగుల బొమ్మను కూడా తీసుకువెళ్లాలి, ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: యాక్రిలిక్ పొర ఆరిన తరువాత కూడా వేడికి మెత్తబడుతుంది. ఎండలో ఆగిన బస్సు డిక్కీలో జరిగింది అదే. బేకరీల్లో కేకు అడుగున పరిచే, సిలికాన్ పూత ఉన్న కాగితాన్ని రంగుకు తగిలే మొదటి పొరగా వాడండి. మామూలు బటర్ పేపర్ అంటుకోవచ్చు. దానిమీద ఫ్రేము కన్నా రెండంగుళాలు పెద్దదైన అట్టను ముందూ వెనకా పెట్టి, ఆ తరువాతే బబుల్ షీట్‌ను బుడగలు బయటికి ఉండేలా చుట్టండి. డిక్కీలో బొమ్మను నిలువుగా నిలబెట్టండి. పడుకోబెడితే ఎవరి బియ్యం మూటో దానిమీదికి చేరుతుంది. అచ్చులు పడిన చోట ఇస్త్రీపెట్టె ప్రయోగాలు వద్దు, అదే రంగు మళ్లీ వేసుకోవడమే నయం.

ఆరడుగుల బొమ్మను ఫ్రేము నుంచి విప్పి చుట్టవచ్చు, కానీ రంగు వైపు బయటికి ఉండాలి. లోపలికి చుడితే రంగు పొర నొక్కుకుపోయి మడతలు పడుతుంది. సన్నని గొట్టం పనికిరాదు. బోరుబావికి దింపగా మిగిలిన కేసింగ్ పైపు ముక్క, ఆరేడు అంగుళాల వెడల్పుది, ఇందుకు చక్కగా సరిపోతుంది. చేరిన రోజే విప్పి పరచండి. మందంగా రంగు వేసినదాన్ని, పాత తైలవర్ణ చిత్రాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చుట్టవద్దు.

ప్రశ్న: బొమ్మ పూర్తయ్యాక వార్నిష్ ఎప్పుడు వేయాలి?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: యాక్రిలిక్ అయితే రెండు మూడు వారాలు ఆగితే చాలు. తైలవర్ణమైతే పలుచని పొరకు ఆరు నెలలు, మందపాటిదానికి ఏడాది ఆగడం మంచిది. గడువు తీరింది కదా అని ముసురు పట్టిన రోజున వేయకండి. చెమ్మ చిక్కుకొని వార్నిష్ పాలలా మసకబారుతుంది. తెరిపి ఇచ్చి, గాలి పొడిగా ఉన్న రోజు చూసుకొని వేయండి.