పాత బంగ్లాలో భోజనం, బిల్లులో సర్వీస్ చార్జీ: కట్టేసినాక తిరిగి అడగొచ్చా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి, కొర్లగుంట. సెలవులకి పాండిచ్చేరి పోయి, ఫ్రెంచోళ్ళ కాలం నాటి బంగ్లాలో నడుపుతున్న రెస్టారెంట్‌లో ఇంటిల్లిపాదీ తిన్నాం. తిండికి 3,200 అయితే సర్వీస్ చార్జీ 10 శాతం 320, హెరిటేజ్ చార్జీ అని ఇంకో 200, అన్నిటి మీదా 5 శాతం జీఎస్టీ 186, మొత్తం 3,906 వేసినారు. అడిగితే సిస్టమ్‌లో అదే పడిపోతుంది, పాత బిల్డింగ్ మెయింటెనెన్స్ అన్నారు. పిల్లల ముందు గొడవెందుకని యూపీఐలో కట్టేసినాం. ఇప్పుడు అడగొచ్చా? కేసంటే పాండిచ్చేరి తిరగాలా? అసలు పాత కట్టడంలో హోటలే పెట్టకూడదని మా బావమరిది అంటాడు, నిజమేనా?

జవాబు: అడగొచ్చు, పాండిచ్చేరి తిరిగే పని కూడా లేదు.

సర్వీస్ చార్జీని చాలామంది గవర్నమెంటు టాక్స్ అనుకుని కట్టేస్తారు, బిల్లులో జీఎస్టీ పైనే కూర్చుని ఉంటుంది కదా మరి. అది ఉత్త టిప్పు, ఇష్టముంటే ఇస్తాం లేదంటే లేదు. బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులై 4నే గైడ్‌లైన్స్ ఇచ్చింది, హోటల్ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి పోయి స్టే తెచ్చుకున్నాయి, ఆ స్టే పేరు చెప్పుకునే చాలాకాలం వసూలు చేసినారు, చివరికి 2025 మార్చి 28న అదే హైకోర్టు గైడ్‌లైన్స్ చెల్లుతాయని చెప్పి పిటిషన్లు కొట్టేసి ఆ సంఘాల మీద లక్ష చొప్పున ఖర్చులు కూడా వేసింది. సంఘాలు అప్పీలుకి పోయినాయి, మీకు జవాబిచ్చేటప్పుడు రెస్టారెంట్ వాళ్ళు ఆ మాట ఎత్తుతారు, కంగారు పడకండి.

హెరిటేజ్ చార్జీ దగ్గరే కొంచెం చిక్కు. సర్వీస్ చార్జీని ఇంకో పేరుతో కూడా తీసుకోకూడదని గైడ్‌లైన్స్‌లో ఉంది, కానీ వాళ్ళు ఇది సర్వీస్‌కి కాదు, గోడలకి సున్నం, పైకప్పు రిపేర్లకి అంటారు. ఆ ఖర్చు నిజమే కావచ్చు, కాదనను. అట్లయితే మెనూ రేటులోనే కలుపుకోమనండి, ఇడ్లీ 300 అని వేసుకున్నా అడిగేవాళ్ళు లేరు, చూసి నచ్చినోళ్ళు తింటారు లేనోళ్ళు లేచిపోతారు. తిన్నాక బిల్లులో పెట్టడమే నా దృష్టిలో తప్పు. అయితే వాకిట్లో బోర్డో మెనూ కింద చిన్న అక్షరాల్లో లైనో ఉందేమో గుర్తు తెచ్చుకోండి, ఉంటే ఆ 200 మీద మీ వాదన బలం తగ్గుతుంది, 320 మీద మాత్రం తగ్గదు.

బావమరిది మాట సగమే నిజం. మన చంద్రగిరి కోట లాంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో అయితే 1959 నాటి రూల్స్ ప్రకారం పర్మిషన్ ఉన్న చోట తప్ప వండడమే కాదు, పులిహోర పొట్లం విప్పుకుని తినడం కూడా కుదరదు. ప్రైవేటు బంగ్లా ఎంత పాతదైనా ఆ లిస్టులో లేకపోతే ఈ రూల్ దానికి పట్టదు. ఈ పాయింట్ కంప్లైంట్‌లో ఇరికించకండి, అసలు విషయం పక్కకి పోతుంది.

ఇక మీరు చేయాల్సింది. 320, 200, వాటి మీద జీఎస్టీ 26, కలిపి 546 వెనక్కి ఇవ్వమని రెస్టారెంట్‌కి మెయిల్ పెట్టండి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వండి, ఇంత చిన్న మొత్తాలు చాలావరకు అక్కడే తేలిపోతాయి. అప్పుడూ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు కాపురముండే చోటే, అంటే తిరుపతిలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, ఇట్లాంటి కేసులకి గవర్నమెంటు పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే ఫైల్ చేసుకోవచ్చు. 5 లక్షల లోపు ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు (మా వాళ్ళు తిట్టుకున్నా సరే). గడువు రెండేళ్ళు. యూపీఐ స్క్రీన్‌షాట్ ఎట్లాగూ ఉంటుంది, బిల్లు మాత్రం ఆ నున్నటి థర్మల్ కాగితం అయితే కొన్నాళ్ళకి అక్షరాలు వెలిసిపోతాయి, ఈరోజే ఫోటో తీసి పెట్టుకోండి.